సశేషం దగ్గరే ఆగిన కథలు

జర్మనీలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంటికో కొట్టుగది ఉంది. చెక్క పలకల తలుపు, దానికో తాళం. అందరి గదుల్లోనూ సైకిళ్ళు, చలికాలపు టైర్లు, పాత సూట్‌కేసులు ఉంటాయి. కింది అంతస్తు పెద్దాయన గదిలో మాత్రం నేల నుంచి కప్పు దాకా కాగితమే. అరటిపళ్ళు వచ్చే అట్టపెట్టెల్లో వరసగా నిలబెట్టిన పల్చటి పుస్తకాలు. కిందటి అక్టోబరులో సెల్లార్ పైపు కారితే ఆ పెట్టెలు పైకి చేర్చడానికి నేనూ, మా ఇంట్లో ఒక గదిలో అద్దెకుండే గుంటూరు అమ్మాయీ సాయం వెళ్ళాం.

నాలుగో పెట్టె దించాక ఆయన ఒక పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. మన చందమామ కన్నా చిన్నది. మధ్యలో రెండు పిన్నులు. అంచులు గోధుమరంగుకు తిరిగిన చవక కాగితం. లోపల రెండు కాలమ్‌లలో చిన్న అక్షరాలు, అట్ట మీద నిప్పులు కక్కుతున్న రాకెట్టు, ఓ మూల సంచిక నంబరు. వాసన మాత్రం అచ్చం మా తాతయ్య ఇంటి అటకదే.

"ఇది ఎన్నో నంబరుతో అయిపోతుందండీ?" అని అడిగాను.

"అయిపోలేదు" అన్నారు. "పోయిన శుక్రవారం కూడా వచ్చింది."

ఆయన చదువుతున్న ఆ జర్మన్ సీరియల్ పేరు పెర్రీ రోడన్. 1961 సెప్టెంబరు 8న మొదటి సంచిక వచ్చింది. కె.హెచ్. షేర్, వాల్టర్ ఎర్న్‌స్టింగ్ అనే ఇద్దరు రచయితలు దానికి మూలపురుషులు. ఎర్న్‌స్టింగ్ తన పుస్తకాల మీద క్లార్క్ డార్ల్‌టన్ అని ఇంగ్లిషు పేరు పెట్టుకునేవారు, ఆ రోజుల్లో సైన్స్ ఫిక్షన్ అంటే అమెరికా సరుకే కావాలని ప్రచురణకర్తలు అనుకునేవారు కాబట్టి. ముప్ఫయ్యో, యాభయ్యో సంచికలు సాగితే చాలనుకుని మొదలుపెట్టారు. 1980లో వెయ్యో సంచిక వచ్చింది, 1999లో రెండు వేలవది, 2019 ఫిబ్రవరిలో మూడు వేలవది. వారానికొకటి చొప్పున యాభై ఏడేళ్ళు పైచిలుకు. తొలి కథలో రోడన్ 1971లో స్టార్‌డస్ట్ అనే నౌకలో చంద్రుడి మీద దిగి, అక్కడ చిక్కుకుపోయిన వేరే లోకపు నౌకను చూస్తాడు. అది అచ్చయ్యేనాటికి చంద్రుడి మీద మనిషి ఇంకా కాలే పెట్టలేదు.

మేముండే గార్చింగ్ పెద్ద ఊరేం కాదు. మ్యూనిక్ నడిబొడ్డు నుంచి యూ6 రైలెక్కితే అరగంటలోపే వచ్చేస్తుంది. జర్మనీలో తొలి పరిశోధన రియాక్టర్ 1957లో ఇక్కడే వెలిసింది. దాని గుడ్డులాంటి గోపురాన్ని ఇక్కడివాళ్ళు అణుగుడ్డు అంటారు, ఊరి చిహ్నంలో కూడా పెట్టుకున్నారు. చిలీ ఎడారిలో పెద్ద పెద్ద దూరదర్శినులు నడిపే యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ ప్రధాన కార్యాలయమూ ఇక్కడే ఉంది. నక్షత్రాలను నిజంగా కొలిచేవాళ్ళ ఊళ్ళోనే నక్షత్రాల కథలను ప్రేమించేవాళ్ళూ కలుసుకుంటారు. పెర్రీ రోడన్ అభిమానుల సభల్లో పేరున్న ఒకటి మా ఊరి పేరునే మోస్తోంది, గార్చింగ్‌కాన్. ఊరి బ్యుర్గర్‌హౌస్, అంటే మన టౌన్‌హాల్ లాంటిది, దానికి వేదిక. నడిపేది మ్యూనిక్‌లోని ఎర్న్‌స్ట్ ఎల్లర్ట్ అభిమాన బృందం. ఎర్న్‌స్ట్ ఎల్లర్ట్ అనే మనిషి ఎక్కడా లేడు. ఆ కథలో తన మనసును కాలంలో ముందుకు పంపగలిగిన పాత్ర అతను. కథలోని మనిషి పేరు మీద నిజం మనుషులు సంఘం పెట్టుకున్నారన్నమాట. అభిమానం ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి గుర్తు దొరకలేదు.

పెట్టెలన్నీ చేర్చాక పెద్దాయన టీ పెట్టి, అలమారా అడుగు నుంచి ఇంకో కట్ట తీశారు. అది అచ్చు పుస్తకం కాదు. టైపు కొట్టిన కాగితాలు, నూట నలభై దాకా ఉంటాయి. కుర్రతనంలో ఆయనా, స్నేహితుడూ కలిసి రోడన్ లోకంలో తమ సొంత కథ అల్లారు. చెరో అధ్యాయం రాసి పోస్టులో పంపుకునేవారు. ఆ స్నేహితుడు పోయాడు.

"అప్పుడు నా వంతు. ఇప్పటికీ నా వంతే" అన్నారు.

చివరి కాగితంలో సగం ఖాళీ.

పదకొండో ఏడు

మా ఇంటి అమ్మాయి ఆ ఖాళీని చాలాసేపు చూస్తూ కూర్చుంది. దారిలో నాకు అసలు సంగతి చెప్పింది. తనూ ఒకటి రాస్తోంది. బాహుబలి రెండు భాగాల మధ్య, తెర మీద చూపించకుండా దాటేసిన కాలం ఉంది కదా, దేవసేన మాహిష్మతిలో సంకెళ్ళతో గడిపిన ఇరవై అయిదేళ్ళు. ఆ ఇరవై అయిదేళ్ళ కథ. తెలుగులోనే, ఫోనులో, ఒక్కో ఏడాదికి రెండో మూడో అధ్యాయాలు చొప్పున. ముప్ఫై ఒక్క అధ్యాయాలు అయ్యాయి.

"పదకొండో ఏడు దగ్గర ఆగిపోయిందక్కా. ఆర్నెల్లయింది. ఆ మధ్యలో ఆవిడకి ఏమీ జరగదు కదా. ఎదురుచూస్తుంది అంతే. ఎదురుచూడ్డం ఎన్ని అధ్యాయాలు రాయను?"

ఆ రాత్రి ఆ ముప్ఫై ఒక్క అధ్యాయాలూ చదివాను. చాలా బాగున్నాయి. ముఖ్యంగా ఒకటి. దేవసేన చితికోసం ఎండుపుల్లలు ఏరడం సినిమాలో మనందరికీ గుర్తుండే దృశ్యం. ఈ అమ్మాయి కథలో ఆవిడ పుల్లల్ని లెక్కపెడుతుంది. వానాకాలం వస్తే తడిసినవి తీసేసి మళ్ళీ మొదటినుంచి లెక్క. కాపలావాడు మారినప్పుడల్లా కొత్తవాడు ఆ కుప్పను కాలితో తన్నేస్తాడు, ఆవిడ మారు మాట్లాడకుండా మళ్ళీ ఏరుతుంది. ఇంత రాయగలిగిన పిల్ల ఆగిపోవడం నాకు బాధనిపించింది. ముగింపు తెలియక ఆగిన కథ కాదిది. ముగింపు దేశమంతటికీ తెలుసు, కొడుకు వస్తాడు. తెలిసిన గమ్యానికి కూడా నడిచి చేరలేకపోతున్నారంటే, కష్టం గమ్యంలో లేదు, దారిలో ఉంది.

అభిమానులు రాసే కథలన్నిటికీ ఇదే జబ్బు. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అని 2009లో మొదలైన పెద్ద భాండాగారం ఉంది. అభిమానులే కట్టుకుని, అభిమానులే నడుపుకుంటున్న ఆ చోటికి 2019లో హ్యూగో పురస్కారం కూడా వచ్చింది. అక్కడ ప్రతి కథ పక్కనా ఇన్ని అధ్యాయాల్లో ఇన్ని అయ్యాయని అంకెలుంటాయి. మొత్తం ఎన్నో రచయిత తేల్చుకోకపోతే ఆ చోట ప్రశ్నార్థకం కనిపిస్తుంది. 12/? అని. చివరి అధ్యాయం ఎప్పుడు చేరిందో తేదీ కూడా ఉంటుంది. తేదీ పాతబడుతుంది, ప్రశ్నార్థకం అలాగే ఉంటుంది. మన వారపత్రికల్లో సీరియల్ కింద సశేషం అని ఉంటే వచ్చేవారం పేపరబ్బాయి కోసం గుమ్మంలో నిలబడ్డ తరం మాది. ఆ మాట అప్పట్లో ఒక హామీ. ఇక్కడ అది ఏళ్ళ తరబడి తీరని బాకీ.

ఎందుకాగిపోతాయి? తీరిక లేక అంటారు. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, పరీక్షలు, ఇవన్నీ నిజమే. కానీ నా అనుభవంలో ఇంకో కారణం వీటన్నిటికన్నా లోతైనది. పదమూడేళ్ళప్పుడు నేను చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి శిథిలాలయం పాత సంచికల్లో చదివి, అయిపోయిందంటే ఒప్పుకోలేక, శిఖిముఖి, విక్రమకేసరి మళ్ళీ బయల్దేరినట్టు తెల్ల కాగితాల నోటుబుక్కులో రాసుకున్నాను. తొంభై పేజీలయ్యాక ఆగింది. అప్పుడు కారణం తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. వాళ్ళు ఇల్లు చేరడం నాకు ఇష్టం లేదు. అభిమాని కలం పట్టేదే సమాప్తం అన్న మాటను ఒప్పుకోలేక. ఆ చేత్తోనే మళ్ళీ సమాప్తం అని రాయమంటే ఆ చెయ్యి ఎలా కదులుతుంది? మామూలు రచయితకు ముగింపు పని పూర్తయిన సంతోషం. అభిమానికి అది రెండోసారి విడిపోవడం.

దానికి తోడు చదివేవాళ్ళ ప్రేమ. "తర్వాతి భాగం ఎప్పుడు?" అని అడిగేవాళ్ళు ఉంటేనే రాయబుద్ధవుతుంది. అదే మాట ఆరోసారి వినేసరికి గుండె మీద రాయవుతుంది. మా ఇంటి అమ్మాయి ఆ మాటలు చూడలేక, తన కథ పెట్టే యాప్‌ను ఫోనులో తెరవడమే మానేసింది.

మూడు వందల ఏళ్ళు పట్టిన పుస్తకం

మన భాషలో మొదటి మహాకావ్యమే సగంలో ఆగిన పుస్తకమని మనం తరచూ మర్చిపోతాం. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు పూర్తిచేశాడు. మూడోది అరణ్యపర్వం. అందులో నాలుగో ఆశ్వాసం నడుమ, శరత్కాలపు రాత్రుల్ని వర్ణించే పద్యం దగ్గర ఆయన కలం ఆగింది. ఎందుకాగిందో కథలు కథలుగా చెప్పుకుంటారు. నాకు ఆగిన చోటే ఆశ్చర్యంగా ఉంటుంది. అరణ్యపర్వమంటే ఏమిటి? జూదం అయిపోయింది, యుద్ధం ఇంకా రాలేదు. పన్నెండేళ్ళు అడవిలో తిరగాలి. మునులు వస్తారు, కథలు చెబుతారు, వెళ్ళిపోతారు. దేవసేన పదకొండో ఏడు లాంటిదే అది. ఆగేవాళ్ళంతా అడవిలోనే ఆగుతారు.

పదమూడో శతాబ్దంలో నెల్లూరులో తిక్కన వచ్చాడు. ఆయన చేసిన పని చూడండి. అరణ్యపర్వాన్ని ముట్టుకోలేదు. నాలుగోదైన విరాటపర్వం నుంచి ఎత్తుకుని చివరిదాకా పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. ఆ మిగులును ముట్టుకుంటే కీడని భయపడ్డాడంటారు. భయం సంగతి నాకు తెలియదు కానీ, ఆగిన చోట కూర్చుని కుంగిపోకుండా దాన్ని దాటి ముందుకెళ్ళి రాయడం గొప్ప ధైర్యం. ఇరవయ్యో అధ్యాయం రానప్పుడు ఇరవై అయిదోది రాసుకోవచ్చు అని మనకు ముందుగా చేసి చూపించినవాడు ఆయనే.

ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. పద్నాలుగో శతాబ్దంలో అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి కొలువులోని ఎర్రన దాన్ని పూరించాడు. ఎర్రన తన పేరున హరివంశం రాసిన కవి, ప్రబంధ పరమేశ్వరుడనిపించుకున్నవాడు. అయినా ఆ అరణ్యపర్వ శేషాన్ని తన రాజుకు అంకితమివ్వలేదు. ఎప్పుడో గతించిన రాజరాజనరేంద్రుడికే, నన్నయే రాస్తున్నట్టుగా అంకితమిచ్చాడు. శైలి కూడా అంతే. నన్నయ గొంతుతో మొదలై మెల్లమెల్లగా తిక్కన గొంతువైపు జరుగుతుంది. రెండు ఒడ్లనూ కలిపే వంతెన కాబట్టి ఏ ఒడ్డున ఆ ఒడ్డు రంగు. ఇంకొకరి లోకంలోకి వెళ్ళి, ఇంకొకరి గొంతు పట్టుకుని, తన పేరును వెనక్కి నెట్టి, ఆగిన కథను ఒడ్డుకు చేర్చడం అంటే ఏమిటో ఎర్రనను చదివితే తెలుస్తుంది. అభిమాని రాత అంటే పిల్లల కాలక్షేపమని తీసిపారేసేవాళ్ళతో నేను వాదించను, అరణ్యపర్వ శేషం చదవమంటాను.

భారతం ఒక్కటే కాదు. పోతన భాగవతంలో అయిదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, చివరి రెండూ నారయవి. భాస్కర రామాయణంలో తండ్రితో పాటు కొడుకు చెయ్యి, శిష్యుడి చెయ్యి, స్నేహితుడి చెయ్యి ఉన్నాయి. ఒక్క చేత్తో పూర్తికావడమే గొప్పని మన పెద్దలు ఎప్పుడూ అనుకోలేదు.

ఇక చందమామలో భేతాళ కథలు. అసలు భేతాళుడు చెప్పినవి ఇరవై అయిదు. చందమామ వాటిని దశాబ్దాలపాటు నెలనెలా సాగించింది. విక్రమార్కుడి మౌనం భంగమవుతుంది, శవం చెట్టెక్కుతుంది, శంకర్ గీసిన బొమ్మలో రాజు మళ్ళీ కత్తి పట్టుకుని శ్మశానంలో నడుస్తాడు. కథ చివర బ్రాకెట్లలో ఒక్క మాట ఉండేది, కల్పితం. మూలంలో లేదు, మేం అల్లింది అని పాఠకుడికి నిజాయితీగా చెప్పడం. అదే పత్రికలో దాసరి వారు 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళకు పైగా ఒకదాని తర్వాత ఒకటి సీరియళ్ళు రాసి, ప్రతిదాన్నీ సమాప్తం దాకా తీసుకెళ్ళారు. నెలకు ఇన్ని పేజీలు, ఫలానా తేదీకి ప్రెస్సుకు వెళ్ళాలి. ఆ తేదీయే ఆయన్ను రాయించింది.

శుక్రవారం ఉండాలి

రెండో వారం ఆ అమ్మాయే పెద్దాయన తలుపు తట్టింది. రోడన్ రచయితలు మూడు వేల వారాలు ఆగకుండా ఎలా రాశారో చెప్పమంది. ఆయన రచయిత కాదు, ఓ ఫ్యాక్టరీలో లేతు మెషీన్ మీద పనిచేసి రిటైరయినాయన. కానీ అరవై ఏళ్ళు చదివిన మనిషికి లోపలి పనితనం తెలుస్తుంది.

ఆయన ఒక కవరు వెనక పెన్సిలుతో గళ్ళు గీశారు. రోడన్ కథను ఒక్కరు రాయరు, ఒక బృందం రాస్తుంది. ముందుగా ఒకరు ప్రతి సంచికకూ ఎక్స్‌పోజే అనే నమూనా తయారుచేస్తారు. ఈ సంచిక ఎక్కడ మొదలవ్వాలి, అది అయ్యేసరికి ఎవరు ఎక్కడ ఉండాలి, ఏ రహస్యం బయటపడాలి, ఏది దాగాలి. మధ్యలో ఎలా నడిపిస్తారన్నది రాసేవాళ్ళ ఇష్టం. సంచికలన్నీ చక్రాలుగా కట్టి ఉంటాయి. మొదటి చక్రం 1 నుంచి 49, రెండోది 50 నుంచి 99. చక్రానికి ఆఖరి నంబరు ఉంటుంది. సీరియల్‌కు ముగింపు లేకపోవచ్చు, చక్రానికి మాత్రం ఉండితీరాలి.

ఆ నమూనాలు రాసినవాళ్ళలో విలియం వోల్ట్జ్ పేరు చెప్పినప్పుడు ఆయన గొంతు మారింది. వోల్ట్జ్ మొదట అభిమానే, సంఘాల చిన్న పత్రికల్లో కథలు రాసుకున్న కుర్రాడు. 1963లో 74వ సంచికతో సీరియల్‌లోకి వచ్చాడు. తర్వాత కథ మొత్తానికీ దారి గీసేవాడయ్యాడు, వెయ్యో సంచిక కూడా ఆయనదే. 1984లో, 46 ఏళ్ళకే పోయాడు. "మేమంతా ఏడ్చాం" అన్నారు పెద్దాయన. "కానీ శుక్రవారం పుస్తకం వచ్చింది." వోల్ట్జ్ తర్వాత వేరేవాళ్ళు నమూనా అందుకున్నారు. రాబర్ట్ ఫెల్డ్‌హాఫ్ అందుకుని 2009లో 47 ఏళ్ళకే పోతే, ఆయన తర్వాత మళ్ళీ ఇంకొకరు. కాగితం మీద దారి గీసి ఉంటే మనిషి పోయినా బండి ఆగదు. నన్నయ తర్వాత మనకు మూడు శతాబ్దాలు పట్టిన పని వీళ్ళకు ఒక్క వారం కూడా తప్పకుండా సాగింది.

అభిమానులూ ఆ పద్ధతే పట్టారు. డోర్గోన్ అని రోడన్ లోకంలోనే నడిచే అభిమానుల సీరియల్ 1999లో మొదలై, సంచికలుగా, చక్రాలుగా, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి నడిచింది. రాసినవాళ్ళకు పైసా రాదు. చట్టం ఏమంటుందోనన్న బెరుకు కూడా జర్మనీలో కొంత తగ్గింది. 2021 జూన్ 7 నుంచి అమల్లోకి వచ్చిన 51ఏ సెక్షన్ పేరడీకి, కార్టూనుకు, అనుకరణ రచనకు చోటిచ్చింది.

పెద్దాయన కవరు తిప్పి అమ్మాయి ముందు పెట్టారు. "నీ చక్రం ఆఖరి గడి రాయి" అన్నారు.

తను ఆ రాత్రే మా వంటింటి బల్ల దగ్గర ఇరవై అయిదో ఏడాది ఆఖరి పేజీ రాసింది. కొడుకు రావడం కాదు. వాడు వచ్చే ముందురోజు సాయంత్రం, దేవసేన ఇంక పుల్లలు చాలని లేచి నిలబడటం. ఒకే పేజీ. రాస్తున్నంతసేపూ ముక్కు ఎగబీలుస్తూనే ఉంది, నేను అన్నం పెట్టుకుని పక్కన కూర్చున్నాను. తర్వాత ఆ పేజీని ఫ్రిజ్ మీద అంటించి, మిగిలిన పద్నాలుగు ఏళ్ళను పద్దెనిమిది అధ్యాయాలకు కుదించింది. కొన్ని ఏళ్ళు ఒక్క వాక్యంలో దాటేస్తానంది. దాటెయ్యమన్నాను, తిక్కన దాటాడు కదా.

గడువు కావాలి. ఎవరు పెడతారు? పెద్దాయన పెడతానన్నారు, కానీ ఆయనకు తెలుగు రాదు. అందుకని ప్రతి శుక్రవారం సాయంత్రం ఆయన మా ఇంటికొస్తున్నారు. అమ్మాయి తనకు వచ్చిన జర్మన్‌లో, తడుముకుంటూ, ఆ వారం అధ్యాయం చెబుతుంది. మాట దొరకనిచోట నేను అందిస్తాను. ఆయన టీ చల్లారబెట్టుకుని వింటారు. చెప్పే కథలో డొల్ల ఉంటే వినేవాళ్ళ మొహంలో వెంటనే తెలిసిపోతుంది. రెండుసార్లు తనే మధ్యలో ఆపి, "ఇది కాదు, వచ్చేవారం మళ్ళీ చెబుతాను" అంది.

మొన్న శుక్రవారం ముప్ఫై ఆరో అధ్యాయం. పద్నాలుగో ఏడు. కొత్త కాపలావాడు కుర్రాడు, రాత్రిపూట కునికిపాట్లు పడుతూ తన ఊరి పాట పాడుకుంటాడు, దేవసేన ఆ పాటలో ఒక పదం తప్పుగా ఉందని పధ్నాలుగేళ్ళలో మొదటిసారి నోరు విప్పి చెబుతుంది. అక్కడితో ఆపింది. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు.

"పుల్లలు ఇప్పటికి ఎన్నయ్యాయి?"

అమ్మాయి నా మొహం చూసింది. ఆ లెక్క రాయడం మరిచిపోయింది. ఆయనకు వీడ్కోలైనా చెప్పకుండా తన గదిలోకి వెళ్ళిపోయి లైటు వేసుకుంది.